మొక్కుకు తక్కువైన బరువు

“వాడు ఆ ఆరు కిలోలు మల్ల తెచ్చుకున్నంకనే నేను తింట. అప్పటిదాంక నా పేరు మీద గిన్నెల బియ్యం పొయ్యకున్రి.”

మాట తేల్చేసి మొగిలమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో వాళ్లకు ఆవిడ ముఖం కంటే వీపే ఎక్కువగా కనబడుతోంది. వీపంటే ఎంత వీపు! నేతచీర కింద రెండు రెక్కలెముకలు, వాటి మధ్య కోపం.

ఆవిడ అడుగుతున్న ఆరు కిలోలు పప్పూ కాదు, ఉప్పూ కాదు. కన్నకొడుకు వెంకట్రాజం ఒంటిమీద నుంచి కరిగిపోయిన కండ. కండ అని ఆవిడ అంటుంది. కొవ్వు అని పక్కింటి నర్సు హన్నా అంటుంది. పోగొట్టుకున్న వెంకట్రాజం మాత్రం ఏమనడానికీ ధైర్యం చాలక, ఆదివారం కాబట్టి ఆఫీసుకు పారిపోయే వీలూ లేక, తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

“అవ్వా, జర ఇటు తిరుగు. నిన్నటి సంది నువ్వేం తినలే.”

“నువ్వు తిన్నవా?”

వెంకట్రాజం లెక్క చూసుకున్నాడు. పొద్దున అతను రెండు జొన్నరొట్టెలు, గిన్నెడు తోటకూర తిన్నాడు. హన్నా తినమన్నది ఒకటే రొట్టె. అంటే హన్నాతో చెప్పడానికి ఎక్కువ, తల్లితో చెప్పడానికి తక్కువ.

“రొట్టె తిన్న.”

“రొట్టె!” గోడకు చెప్పుకుంది మొగిలమ్మ. “నేను జొన్నగటక తిని పెరిగిన. నా కొడుకన్న వరిబువ్వ తినాలని ఎవల పొలమని చూడకుంట నాట్లేసిన. వాడు సదివి, నౌకరి జేసి, బల్లకాడ కూసునే ఆఫీసరైతే మల్ల వానికి జొన్నలే పెడ్తాన్రు.”

“ఆఫీసరు కాదవ్వా, హెడ్ క్లర్కు.”

“జొన్నలు తింటె గంతే అయితవు.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. కోడలు సమ్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరకు వచ్చింది. మాట తొణకని మనిషి. కానీ ఒక రాత్రీ ఒక పొద్దూ అత్త వీపుతో మాట్లాడేసరికి ఆమె ఓపిక కూడా అడుగంటింది.

“అత్తా, డాక్టరు ఏం జెప్పిండో నువ్వు గూడ విన్నవు గదా.”

“నేను వినలే. అప్పుడు నేను తల్లితోటి మాట్లాడుతాన్న.”

నిజమే. చిక్కంతా అక్కడే పడింది. వానకాలంలో సుబేదారిలో ఉన్న ఆఫీసులో వెంకట్రాజం కుర్చీలోంచి లేవబోయి ఫైళ్లమీద బోర్లా పడ్డాడు. రిక్షాలో వేసి దవాఖానకు తీసుకుపోతే కాస్త తేరుకున్నాక బరువు చూసే మిషను ఎక్కించారు. ముల్లు తొంభై నాలుగు దగ్గర ఆగింది. “ఈ బరువు దిగకపోతే గుండె మోయలేదు” అన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే, ఆ మిషను పక్కనే నేలమీద కూలబడిన మొగిలమ్మ కొంగు చాచి మేడారం దిక్కుకు తిరిగింది. “సమ్మక్క తల్లీ, నా కొడుకు లేచి నడిస్తె, ఈ బరువంత బంగారం నీ గద్దెకు తెస్త” అని మొక్కింది.

మేడారం తల్లులకు బెల్లమే బంగారం. తక్కెడలో ఒకవైపు మనిషి, ఒకవైపు బెల్లం.

అదే ముల్లు చూసి డాక్టరు దించమన్నాడు. అదే ముల్లు చూసి తల్లి తూచి ఇస్తానన్నది. కోడలు డాక్టరు మాట పట్టుకుంది, అత్త తన మాట పట్టుకుంది. కొడుకు లేచి నడిచాడు. నడవడమే కాదు, ఇప్పుడు రోజూ ఆఫీసుకు నడిచే పోయి నడిచే వస్తున్నాడు. నిన్న దవాఖానలో మళ్లీ చూస్తే ముల్లు ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. ఆ శుభవార్త చెప్పడానికి వెంకట్రాజం ఇంటికి దాదాపు ఉరుకుతూ వచ్చాడు. అప్పటి నుంచే ఈ గోడవైపు కూర్చోవడం.

“మొక్కింది ఆ బరువు, తూగేది ఈ బరువు,” అంది మొగిలమ్మ. “నడుమ ఆరు కిలోలు ఎవలు మింగిన్రని తల్లి అడగదా?”

“అడిగితె నేను జెప్త,” అంది సమ్మమ్మ. “నా పెనిమిటి పాణం కోసం నేనే తగ్గిచ్చిన అని జెప్త.”

“పేరేమో ఆ తల్లిది పెట్టుకున్నవు. బుద్ధి మాత్రం డాక్టరుది పెట్టుకున్నవు.”

సమ్మమ్మ ముఖం ఎర్రబడింది. ఆ పేరు తను పెట్టుకున్నది కాదు, జాతర ఏట పుట్టిందని నాయిన పెట్టింది.

వెంకట్రాజం మధ్యలో దూరాడు. ఆఫీసులో ఎంతటి చిక్కు ఫైలునైనా నాలుగు ముక్కల్లో తేలుస్తాడని పేరున్న మనిషి.

“ఫికర్ ఎందుకవ్వా? నేను ఎంతన్న తూగనీ. మనం తొంభై నాలుగు కిలోల బెల్లం కొని గద్దెకాడ పెడ్దాం. లెక్క బరాబర్.”

“తక్కెడల ఒక పళ్లెంల నువ్వు, ఒక పళ్లెంల బంగారం. ముల్లు నడుమ నిలవాలె. బంగారం పళ్లెం నేలకు తాకి నువ్వు మీదికి లేస్తె అది తూచినట్టా, ఉయ్యాల ఊగినట్టా?”

“అట్లయితె నా పళ్లెంల నాతోటి ఆరు కిలోల రాయి పెట్టుకుంట.”

మొగిలమ్మ ఆ దెబ్బకు ఇటు తిరిగింది. నిన్నటి నుంచి ఆవిడ ముఖం కనబడటం అదే మొదలు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

“తల్లికి రాయి తూస్తవారా? బెల్లం కొట్టు కట్టయ్య గూడ గంత పనిజెయ్యడు!”

ఆ కేక వీధిలోకి వినబడింది. చర్చి నుంచి ఇంటికి పోతున్న హన్నా, ఆమె తండ్రి జ్ఞానప్రకాశం సారు వాకిట్లోనే ఆగిపోయారు. తండ్రి చేతిలో బైబిలు, కూతురి చేతిలో గొడుగు. పక్కింటి గోల తమది కాదనుకునే రకం కాదు వాళ్లు. పైగా ఈ గోలలో ఇద్దరికీ వాటా ఉంది.

హన్నా వాటా ఆ ఆరు కిలోలు. సారు వాటా అంతకు ముందటి కథ.

మొదట్లో వెంకట్రాజం బరువు తగ్గించడానికి సుబేదారి నుంచి మట్టెవాడ దాకా అందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఆఫీసులో పక్కబల్ల ఆనందరావు ఏదో పత్రికలో చదివానని, పాలూ అరటిపండ్లూ తప్ప ఇంకేదీ ముట్టకుంటే నడుము సన్నబడుతుందన్నాడు. మట్టెవాడ తాలీంఖానాలో కుస్తీ నేర్పే ఉస్తాదు అన్నం బందుపెట్టి జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, ఉడకబెట్టిన పెసర్లు తినమన్నాడు. జ్ఞానప్రకాశం సారు తెల్లవారగానే వేడినీళ్లలో నిమ్మరసం, తేనె, రాత్రికి పస్తు అన్నారు.

వెంకట్రాజం మెత్తని మనిషి. ఎవరి మాటా తీసెయ్యలేదు. పొద్దున్నే సారు చెప్పిన తేనెనీళ్లు. ఆ వెనుకే ఆనందరావు చెప్పిన పాలు, అరటిపండ్లు. ఆఫీసుకు పోయే ముందు ఉస్తాదు చెప్పిన రొట్టెలు, పెసర్లు. వీటన్నిటినీ మందుల లెక్కలో వేసుకుని, మధ్యాహ్నం ఎప్పటిలాగే అన్నానికి కూర్చున్నాడు. పస్తున్న రాత్రుల్లో కొడుకు డొక్క చూసి ఉండలేక తల్లి గిన్నెడు అటుకులు పెట్టేది. అటుకులు అన్నం కాదు గనక అతను తినేవాడు. సద్దుల బతుకమ్మనాటి నువ్వుల ముద్దలు ప్రసాదం గనక లెక్కలోకే రాలేదు. అట్లా మూడు పథ్యాలు ఒక్కసారే చేసిన మహానుభావుడికి నెల తిరిగేసరికి చొక్కా గుండీలు రెండు తెగాయి.

అప్పుడు దిగింది హన్నా. “ఆ మూడిట్ల ఏదన్న ఒక్కటే చేసినా నాలుగు దినాలన్న చిక్కుదురు అన్నా. మీరు మూడూ చేసిన్రు, అన్నం గూడ తిన్నరు,” అని నవ్వింది. ఆనందరావు పథ్యం నాలుగు రోజులు నడుస్తుందట, అయిదో రోజు ఆకలి తట్టుకోలేక కుండ ఊడ్చేస్తారట. నాయిన చెప్పిన పస్తు కూడా అంతేనట, రాత్రి మిగిల్చింది పొద్దున రెండింతలై లోపలికి పోతుందట. ఉస్తాదు మాట కొంత నయమేగానీ, ఆయన తిన్నాక మనుషులతో కుస్తీ పడతాడు, వెంకట్రాజం ఫైళ్లతో పడతాడు.

ఆమె చెప్పిన పద్ధతిలో వింత ఏమీ లేదు. అందుకే మొదట ఎవరూ నమ్మలేదు. పళ్లెంలో సగం ఆకుకూర, కూరగాయ. మిగతా సగంలో ఇంత పప్పు, ఇంత అన్నం, లేకపోతే రొట్టె. మజ్జిగ. ఆకలైనప్పుడే తినడం, రాత్రి పెందలాడే తినడం, ఆఫీసుకు రిక్షా మానడం. సమ్మమ్మ అన్నం గిన్నె తన పక్కన పెట్టుకుని వడ్డించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ముల్లు వెనక్కి నడిచింది.

“ఏమైందక్కా?” అంటూ లోపలికి వచ్చిన హన్నాకు సమ్మమ్మ అత్త వైపు చూపించింది. సంగతి వినగానే జ్ఞానప్రకాశం సారు గడ్డం రుద్దుకున్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. లెక్క కనబడితే ఊరుకోలేరు.

“ఇందుల గంత పరేషాన్ ఏముంది? ఓ జంఖానా తడిపి వెంకట్రాజానికి కప్పుదాం. తడి జంఖానా ఆరు కిలోలు ఉండనే ఉంటది.”

“నాయినా!” అంది హన్నా.

మొగిలమ్మ ఆయన వైపు నిదానంగా చూసింది. “మీ దేవుని కాడ గూడ గిట్ల తడి జంఖానాలు నడుస్తయా సారూ?”

సారు చేతిలోని బైబిలు వైపు చూసుకున్నారు. “నడవయమ్మా. తప్పైంది.”

పొయ్యిమీద పప్పు తన పాటికి తాను కుతకుతమంటోంది. చిన్న ఇల్లు, ఆ వాసన మొగిలమ్మ కూర్చున్న మూలకు కూడా పోయింది. ఆవిడ గొంతు ఒకసారి కదలడం వెంకట్రాజం చూశాడు.

చూసినట్టు ఆవిడకూ తెలిసింది. తన ఆకలి నలుగురి ముందు పట్టుబడినందుకు ఒళ్లు మండి, విసురుగా లేచింది. లేచిన మనిషి రెండడుగులు వెయ్యకముందే తూలింది. హన్నా గొడుగు వదిలేసి పట్టుకోకపోతే గోడకు కొట్టుకునేది.

హన్నా ఆవిడను మంచంమీద కూర్చోబెట్టి నాడి చూసింది. కింది రెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె ముఖంలో నవ్వు తగ్గింది.

“ఇది నిన్నటి పస్తు కాదు,” అంది. “అక్కా, పెద్దమ్మ దినాం ఏం తింటది?”

“మేం తినేదే తింటది,” అని వెంటనే అంది సమ్మమ్మ. అని ఆగింది. “అందరం తిన్నంక తింటది. నేను పెట్టిపోత. ఆమె తినంగ నేను… నేనెప్పుడూ చూడలే.”

“పెద్దమ్మా, ఆమె పెట్టింది నువ్వు తింటవా?”

మొగిలమ్మ కొంగు సర్దుకుంది.

“అవ్వా, అడుగుతాంది గదా,” అన్నాడు వెంకట్రాజం.

“తింట. గంజి తాగుత. అడుగున మాడింది నాకు ఇష్టం.”

“మరి ఈమె పెట్టిన అన్నం?”

“పక్కకు పెడ్త. నువ్వు ఆఫీసు నుంచి ఆకలి మీద వస్తవు గదా. అటుకులతోటి ఏమైతది? ఇంత పెరుగేసి కలిపి ఇస్తె తింటుంటివి. ఇప్పుడు వద్దన్నా, అడుగుతవేమోనని పెడ్తనే ఉన్న.” ఆవిడ అందులో దాచడానికి ఏముందన్నట్టు చెప్పింది. “చిన్నప్పటి సంది అంతే గదా.”

వెంకట్రాజానికి ఒక్కసారి ఆ గిన్నె కళ్లముందు కనబడింది. సాయంత్రం పూట, కంచుగిన్నెలో పెరుగన్నం, పక్కన పచ్చిమిరపకాయ. హన్నా పద్ధతి మొదలయ్యే దాకా ఏళ్ల తరబడి తిన్నాడు. అది ఎవరి వాటా అని ఒక్కరోజూ అడగలేదు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో అందరికంటే పెద్ద ఒళ్లు తనది, ఇప్పుడు దాన్ని దాచుకునే చోటు లేదు.

“అంటే అన్నా,” అంది హన్నా నెమ్మదిగా, “మీ ఒంటిమీద ఉన్నదాంట్ల కొంత పెద్దమ్మదే.”

ఆ మాట హన్నా వైద్యంగానే అన్నది. పట్టుకున్నది మాత్రం సమ్మమ్మ. ఆమె వచ్చి అత్త కాళ్ల దగ్గర నేలమీద కూర్చుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె అత్తతో అంత దగ్గరగా కూర్చుని మాట్లాడింది లేదు.

“అత్తా, ఒక మాట జెప్త, తిట్టకు. ఆయన ఒంట్లకెల్లి పోయిన ఆరు కిలోలు నీ బువ్వనే. నీదాంట్లకెల్లి పోయింది మల్ల నీకే రానీ. ఆయన ఎంత తగ్గుతడో నువ్వంత పెరుగు. బరువు ఇల్లు దాటి పోనట్టే గదా. తల్లికి లోటెక్కడిది?”

మొగిలమ్మ కళ్లు చిన్నవి చేసి కోడలి వైపు చూసింది. మార్కెట్లో బెల్లం అచ్చు గిచ్చి చూసినట్టు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“జాతరనాడు వాడు కూసున్న కాడికి వాని బంగారం తూస్తరు.”

“తూస్తరు.”

“నేను పెరిగినంత బంగారం వేరే తూస్తరు.”

“బరాబర్.”

“రెండు కలిపితె ఆ దినం ముల్లు నిలబడ్డ కాడికి రావాలె.”

“వస్తది.”

“రాకపోతె?”

“రాకపోతె తక్కువైంది నేను తిని పెరుగుత,” అంది సమ్మమ్మ.

మొగిలమ్మ పెదవుల కొసల్లో ఏదో కదిలింది. నవ్వని మాత్రం ఒప్పుకోదు. “నీ పేరు ఉత్తగ పెట్టలేదు మీ నాయిన,” అంది. అంతలోనే మళ్లీ సందేహం వచ్చింది. “మరి నేను పెరిగింది ఎట్ల ఎరుకైతది? ఇప్పుడెంతున్ననో తెల్వద్దా? పుట్టిన సంది వడ్లు తూచిన, పత్తి తూచిన, మక్కలు తూచిన. నన్నెవలు తూచిన్రు?”

నిజంగానే ఎవరూ తూచలేదు. దవాఖాన మిషను ఎక్కడానికి ఆవిడకు జబ్బు రాలేదు. వచ్చి ఉంటే ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

హన్నా ముందు కాసిన్ని గంజినీళ్లలో ఉప్పు వేసి తాగించింది. తరువాత అందరూ కలిసి చౌరస్తా దగ్గర కట్టయ్య బెల్లం కొట్టుకు బయలుదేరారు. మొగిలమ్మను రిక్షా ఎక్కించారు. వెంకట్రాజం వెనకాల నడిచాడు.

బస్తాలు తూచే పెద్ద తక్కెడ కొట్టు ముందు దూలానికి వేలాడుతోంది. కట్టయ్య సంగతి విని మొదట నవ్వాడు, మొగిలమ్మ చూపు చూసి మానేశాడు. ఆవిడ పళ్లెంలో గొంతు కూర్చుని గొలుసులు రెండు చేతులా పట్టుకుంది. కట్టయ్య అలవాటు కొద్దీ అవతలి పళ్లెంలో యాభై కిలోల గుండు పెట్టాడు.

మొగిలమ్మ గాలిలోకి లేచింది.

“ఓ నా తల్లీ! దించున్రి నన్ను! ఓరి కట్టిగా, దించురా!”

చౌరస్తాలో పోయేవాళ్లు నిలబడి చూశారు. జ్ఞానప్రకాశం సారు గొలుసు పట్టి ఆపబోయి తానూ ఒక అడుగు ముందుకు తూలారు. సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మొగిలమ్మ కూడా, పైనుంచి అందరి నెత్తులూ చూస్తూ, భయంతో ఒకసారి, నవ్వుతో ఒకసారి కేక వేసింది.

కట్టయ్య గుండు తీసి చిన్న రాళ్లు వేశాడు. ఒకటి తీశాడు, ఒకటి మార్చాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది.

“ముప్పై నాలుగు,” అన్నాడు. మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. “పెద్దవ్వా, మా కొట్ల బెల్లం మూట నీకంటె బరువుంటది.”

అతను వేళాకోళానికే అన్నాడు. కానీ నవ్వు ఎవరికీ రాలేదు. మొగిలమ్మ ఒక్కతే, “గంతేనా? ఇంకింత ఉంటననుకున్న,” అంటూ పళ్లెం దిగింది. వెంకట్రాజం ఆవిడ చెయ్యి పట్టి దించాడు. ఆ చేతిలో బరువు లేదు. తనను ఎత్తుకుని, తొర్రూరు దారిలో ఎండలో నడిచిన చెయ్యి అది.

“అవ్వా, ఆరు కాదు,” అన్నాడు ఆ చెయ్యి వదలకుండా. “నావి ఇంకా ఎన్నన్న తీస్కో.”

“ముందు ఆరు కానియ్ కొడుకా. సమ్మక్క తల్లికి అంతే లెక్క.”

ఇంటికి వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. సమ్మమ్మ పీట వేసి మొట్టమొదట అత్తను కూర్చోబెట్టింది.

“వాడు తిన్నంక తింట.”

“ఆయన నీ ఎనుక.”

“మొగోడు నిలబడంగ నేను తింటె గొంతు దిగదు.”

“అట్లయితె ఎదురుంగ కూసుంటడు. కూసోన్రి మీరు.”

తల్లీ కొడుకులు ఎదురెదురుగా కూర్చున్నారు. కొడుకు పళ్లెంలో పాలకూర గుట్ట, పక్కన గరిటెడు పప్పు, పిడికెడు అన్నం. తల్లి పళ్లెంలో మెత్తని అన్నం, ముద్దపప్పు, పైన నెయ్యి. హన్నా పక్కనే నిలబడి, “ఒక్కసారే పొట్ట నింపద్దు పెద్దమ్మా. కొంచెం కొంచెం, నాలుగు సార్లు తినాలె. రేపటి సంది ఒక గుడ్డు, గ్లాసెడు పాలు,” అని చెప్పింది. నెయ్యి కరిగి పప్పులోకి జారడం వెంకట్రాజం చూస్తూ ఉండిపోయాడు. సమ్మమ్మ అతని పళ్లెం వైపు వేలు చూపించింది. అతను పాలకూర తిన్నాడు.

మొగిలమ్మ మొదటి ముద్ద కలిపింది. అలవాటు కొద్దీ ఆ చెయ్యి కొడుకు నోటివైపు పోయింది. వెంకట్రాజం నోరు కూడా అలవాటు కొద్దీ తెరుచుకుంది.

“అత్తా!”

చెయ్యి వెనక్కి వచ్చింది. నోరు మూసుకుంది. ఆ ముద్ద మొగిలమ్మ తానే తిన్నది. నెమ్మదిగా నమిలి, “పప్పు మంచిగైంది,” అంది. కోడలి వంట గురించి ఆ ఇంట్లో ఆ మాట వినడం అదే మొదటిసారి. సమ్మమ్మ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుని వచ్చింది.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. వెంకట్రాజం అక్క చిలుకమ్మ, నెత్తిన చిక్కుడుకాయల మూటతో, తొర్రూరు బస్సు దిగి వస్తోంది. జాతర ప్రయాణం మాట్లాడుకుందామని వస్తానని కబురు పెట్టే ఉంది. గడప దాటి తల్లి పీటమీద కూర్చుని అందరికంటే ముందు అన్నం తినడం చూసి మూట కింద పడేసింది.

“ఏమైంది? అవ్వ పాణం బాగలేదా?”

ఆ ఇంట్లో మొగిలమ్మ ముందు తినాలంటే జబ్బు తప్ప మరో కారణం ఉండదని ఆమెకు కూడా తెలుసు.

“బాగనే ఉన్నదక్కా, కూసో,” అన్నాడు వెంకట్రాజం. ఉత్సాహంగా అంతా చెప్పాడు. మొక్కు, ఆరు కిలోలు, నిన్నటి పస్తు, కట్టయ్య తక్కెడ. కొడుకు తగ్గినంత తల్లి పెరగాలన్న సమ్మమ్మ ఉపాయం చెప్పేటప్పుడు భార్యవైపు గర్వంగా చూశాడు.

చిలుకమ్మ నవ్వలేదు. చెప్పేది సగంలో ఉండగానే ఆమె ముఖం మాడిపోయింది. చివరికి గోడకు చేరగిలబడి కూర్చుంది.

“అట్ల కుదరదు తమ్మీ.”

“ఎందుకు కుదరదు?”

“అవ్వ బరువు నీకు రాదు. అది ఇయ్యరాదు.”

“ఇయ్యరాదంటె?”

“మాటిచ్చిన బరువది.” చిలుకమ్మ తల్లి వైపు చూడకుండా చెప్పింది. “ఎండకాలం అవ్వ మా ఇంటికాడ ఉన్నప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకున్నయి. నీకు చెప్పద్దని నా మీద ఒట్టు పెట్టింది. మూడు దినాలు కండ్లు తెరవలే. నాకు దిక్కు తోచక మొక్కిన. మా అవ్వ లేస్తె, అవ్వ ఎంత తూగుతె అంత బంగారం జాతరనాడు గద్దెకు తెస్తనని మొక్కిన. ఇప్పుడు అవ్వ పెరిగితె ఆ పెరిగింది గూడ నా మొక్కులనే పోవాలె. అండ్లకెల్లి తీసి నీ దాంట్ల కలుపుతె ఒక్క బరువు రెండుసార్లు తూచినట్టు కాదా?”

జ్ఞానప్రకాశం సారు ఏదో లెక్క చెప్పడానికి నోరు తెరిచారు. హన్నా ఆయన మోచెయ్యి పట్టుకుంది.

మొగిలమ్మ కూతురి వైపు చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు.

“నా కోసమా?” అంది.

ఆ ఇంట్లో కొడుకు జ్వరానికి ఆవిడ మొక్కింది. కూతురి కాన్పుకు మొక్కింది. మగడి దగ్గుకు మొక్కింది, బర్రె ఈనడానికి మొక్కింది. తన పేరుమీద ఎవరైనా కొంగు చాచి ఉంటారని డెబ్భై ఏళ్లలో ఒక్కసారీ అనుకోలేదు.

“నా బరువుకు మొక్కినవా చిలుకా?”

“మొక్కిన.”

“మరి నాకెందుకు జెప్పలేదే?”

“చెప్తె ఏంజేస్తవో నాకెరుక లేదా?” చిలుకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “బిడ్డకు బెల్లం ఖర్చు తగ్గాలని, తినే ఆ నాలుగు మెతుకులు గూడ బందు పెడ్తవని చెప్పలే.”

మొగిలమ్మ అది కాదనలేదు.

ఆవిడ చేతిలో ముద్ద ఉంది. ఆ ముద్ద తింటే కూతురు మొయ్యాల్సిన బెల్లం మోపు బరువెక్కుతుంది. తినకపోతే కొడుకు మొక్కు తీరడానికి మిగిలిన ఆ కాస్త ఆశా పోతుంది. చెయ్యి పళ్లేనికీ నోటికీ మధ్య ఆగిపోయింది.

“తిను అవ్వా,” అన్నాడు వెంకట్రాజం.

“తిను అవ్వా,” అంది చిలుకమ్మ, అదే క్షణంలో.

మొగిలమ్మ ఒకసారి కొడుకు వైపు, ఒకసారి కూతురి వైపు చూసింది. నెయ్యి వేళ్ల సందుల్లోంచి జారి ముంజేతి దాకా వచ్చింది. చెయ్యి మాత్రం ఎటూ కదలలేదు.